కల్తీ లేని జడుపు

రోగం నయమైందంటే ఏ డాక్టరైనా సంతోషించాలి. ఇందుమతికి మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఎదురుగా కుర్చీలో నూకరత్నం నవ్వుతోంది. నెత్తిన తీగల టోపీ, కణతలకి చల్లటి జిగురు. ఆ అవతారాన్ని కిటికీ అద్దంలో చూసుకుని మరీ నవ్వుతోంది. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఒళ్ళంతా చెమటలు పట్టి, పళ్ళు టకటకలాడి, లేచేసరికి మనిషి పిప్పి అయిపోయేది. అలాంటి పిల్ల ఇవాళ నవ్వుతోంది.

"తలుచుకున్నావా రత్నం?" అడిగింది ఇందుమతి.

"తలుసుకున్నాను మేడమ్. ఆ సందు, ఆ వాన, ఆడు... అన్నీ వరసగానే తలుసుకున్నాను. మద్దిలో ఏటో మరి, రేపు ఇవ్వాల్సిన జాకెట్టుకి లైనింగు గుడ్డ తేలేదన్న సంగతి గుర్తొచ్చింది." రత్నం నాలిక కరుచుకుంది. "తప్పయిపోనాది మేడమ్. మళ్ళీ తలుసుకోనా?"

యంత్రం దగ్గర కూర్చున్న ఇంజనీరు ఫిరోజ్ తెర మీంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడూ కొబ్బరిచెట్టంత లేచే గీత ఇవాళ గడ్డిపరకంత లేచి పడుకుంది.

"సగం కూడా రాలేదు మేడమ్."

"సర్లే. వెళ్ళి టీ తాగు రత్నం," అంది ఇందుమతి. తన గొంతులో విసుగు తనకే వినపడింది. ఒక ఆడపిల్ల భయపడటం మానేసిందని విసుక్కునే స్థితికి వచ్చానా అని ఒక్క క్షణం సిగ్గేసింది. కానీ బయట వరండాలో బెంచీల మీద కూర్చున్న మగవాళ్ళు గుర్తొచ్చి ఆ సిగ్గు ఎటో పోయింది.

వాళ్ళు చూడ్డానికి మామూలు మనుషులే. ఒకడు బస్సు కండక్టరు, ఒకడు బట్టల కొట్టులో గుమస్తా, ఇంకొకాయన ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. అందరూ ఆడవాళ్ళ మీద అఘాయిత్యం చేసి, జైలుకెళ్ళి, శిక్ష పూర్తిచేసుకుని వచ్చినవాళ్ళు. విడుదలయ్యాక కూడా తమంతట తామే వచ్చి టోపీ పెట్టించుకుంటామని ఒప్పుకున్నవాళ్ళు. సముద్రం ఒడ్డున మూతపడిన పాత క్షయ ఆసుపత్రిలో ఇందుమతి ఈ కేంద్రం పెట్టింది వాళ్ళ కోసమే. కాదు, వాళ్ళ కంటపడే ఆడవాళ్ళ కోసం.

అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆవిడ జైళ్ళ చుట్టూ తిరిగింది. ఇలాంటి నేరస్థుల్ని పరీక్షించి, వీడు మళ్ళీ చేస్తాడా చెయ్యడా అని చెప్పడం ఆవిడ ఉద్యోగం. ప్రశ్నలడిగేది, మాట్లాడేది, మాట్లాడించేది, మాత్రలిచ్చేది. కొందరు నిజంగానే మారేవారు. ఎవరు మారారో ఎవరు మారలేదో మాత్రం మళ్ళీ ఏదో ఒకటి జరిగేదాకా తెలిసేది కాదు. గట్టివాళ్ళయితే పశ్చాత్తాపాన్ని రెండో ఎక్కంలా గడగడా అప్పజెప్పేసేవారు. అప్పజెప్పి, మంచివాడని ఆవిడ చేతే అనిపించుకుని బయటికెళ్ళి, మళ్ళీ అదే పని చేసినవాడొకడు ఉన్నాడు. ఆ రోజు నుంచీ మాటల మీద ఇందుమతికి నమ్మకం పోయింది.

అప్పుడు పుట్టింది ఈ టోపీ. ఒక తలలోని భయాన్ని పట్టి ఇంకో తలలో నాటుతుంది. అనుభవించిన మనిషి కుర్చీలో కూర్చుని ఆ రోజుని తలుచుకుంటే, ఆ భయం అచ్చు పడినట్టు యంత్రంలో పడుతుంది. ఆ అచ్చుని నేరం చేసినవాడి మెదడులో వేస్తారు. ఆ తర్వాత వాడి బుద్ధి ఎప్పుడు వంకరగా పోయినా ఆమె భయం వాడిలో లేస్తుంది. గొంతు ఆరిపోతుంది, కాళ్ళు చచ్చుబడతాయి, నడిరోడ్డు మీదైనా సరే కూలబడి ఏడుస్తాడు. టోపీ మొదలుపెట్టిన నాటి నుంచి ఒక్కడు కూడా మళ్ళీ తప్పు చెయ్యలేదు.

చిక్కల్లా ఒక్కటే. మూడు నాలుగు నెలలకి ఆ భయం వెలిసిపోతుంది. పాత అచ్చే మళ్ళీ వేస్తే మెదడు పట్టించుకోదు. ఒకసారి విన్న దెయ్యం కథకి రెండోసారి ఎవరు జడుసుకుంటారు? అందుకని ప్రతిసారీ కొత్తగా, పచ్చిగా, బతికున్న మనిషి భయపడి ఇవ్వాలి.

ఇవ్వడానికి చాలామందే వచ్చారు. తమకి జరిగింది ఇంకొకరికి జరగకూడదని ధైర్యం చేసి వచ్చిన ఆడవాళ్ళు. కానీ వాళ్ళ భయంలో సిగ్గు కలిసి ఉండేది. లోకం వాళ్ళ నెత్తిన రుద్దిన సిగ్గు. నేరస్థుడి మెదడు ఆ సిగ్గుని పట్టుకుని భయం లోంచి జారిపోయేది. "తప్పు దానిదే కదా, అందుకే సిగ్గుపడుతోంది" అనుకునేది. ఒక్క నూకరత్నం భయంలోనే ఆ కల్తీ లేదు. ఎందుకు లేదంటే వాళ్ళమ్మ సన్యాసమ్మ. కూతుర్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజునే వీధిలో నిలబడి, "నా కూతురేటీ తప్పు సెయ్యలేదు. తల దించుకోవాల్సింది ఆడు, ఆణ్ణి కన్నోళ్ళు" అని నలుగురూ వినేలా అరిచింది. ఆ మాట పిల్ల ఎముకల్లో దిగింది. రత్నం భయపడింది గానీ సిగ్గుపడలేదు. తల్లి ప్రేమ వల్ల ఆ పిల్ల భయం తేటగా మిగిలింది. ఆ తేటదనమే ఆ పిల్ల పీకకి చుట్టుకుంది.

ఆ రోజు వచ్చిన పలచటి అచ్చునే అందరికీ వేసి పంపింది ఇందుమతి. ఏమీ లేనిదానికంటే నయం కదా అనుకుంది.

సాయంత్రం ఇందుమతి రత్నం వాళ్ళింటికి వెళ్ళింది. సన్యాసమ్మ అరుగు మీద ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. డాక్టరుని చూడగానే చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

"రండమ్మా డాకటరమ్మా, కూకోండి. మీకో మాట సెప్పాల. తిట్టకూడదు మరి."

"చెప్పండి సన్యాసమ్మగారూ."

"గుంటకి జడుపు తీయించీసేనమ్మా. పాలెంలో పోలమ్మ ఉన్నాది కదా, ముసిలిది, దాని సేత. మూడు ఆదివారాలు కొడవలి కాల్చి నీళ్ళల్లో ముంచి ఆ నీళ్ళు మొకాన కొట్టింది. మూడో ఆదివారం ఏడిసింది సూడమ్మా గుంట... నాలుగేళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడిసింది. ఏడిసి పడుకుంది. తెల్లారి లెగిసి, అమ్మా ఆకలేత్తంది అన్నాది."

ఇందుమతి అరుగు అంచున కూర్చుంది.

"మీరొద్దన్నారు. నాటు వైద్యాలొద్దు, మెల్లగా అదే తగ్గుద్ది అన్నారు. నాలుగేళ్ళు ఆగేనమ్మా మీ మాట మీద. సదువుకున్న తల్లివి, నీకంటే నాకేటి తెలుసని ఆగేను. తగ్గలేదు కదా? కన్నకడుపు, ఎంతకని ఆగుద్ది?"

వద్దన్న మాట నిజమే. మూఢనమ్మకం అని కొట్టిపారేసింది. తన దగ్గరున్న మంచి మందులైనా ఇచ్చిందా అంటే అదీ లేదు. నిద్ర పట్టడానికి ఓ చిన్న మాత్ర, నాలుగు ఓదార్పు మాటలు, అంతే. నయం చేసే దారి తెలిసీ ఆ దారి తొక్కలేదు. రత్నం నయమైతే అచ్చు ఎవరిస్తారు? ఈ ప్రశ్నని ఇన్నాళ్ళూ మనసులో ఏదో మూలకి తోసేస్తూ వచ్చింది. ఇప్పుడది అరుగు మీదికొచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇంకో మాటమ్మా. సంబంధం కుదిరింది. అప్పలరాజని, ఐసు ఫ్యాక్టరీలో పని. జరిగిందంతా సెప్పేసేం. ఆ అబ్బాయేటన్నాడో తెలుసా? 'కుక్క కరిస్తే మనిషిని ఒదిలేత్తామేటి' అన్నాడు." సన్యాసమ్మ కళ్ళొత్తుకుంది. "మీరు తప్పకుండా రావాల పెళ్ళికి. మీరు నేకపోతే నా పిల్ల నేదు."

లోపల కుట్టుమిషను చప్పుడు, దాంతో పాటు రత్నం కూనిరాగం వినిపిస్తున్నాయి. ఇందుమతి ఆ ఇంట్లో మజ్జిగ తాగి లేచింది. వెళ్ళేటప్పుడు, "ఇంకొక్కసారి రావాలి రత్నం, ఒక్కసారే" అని లోపలికి కేక వేసింది. "అలాగే మేడమ్," అంది ఆ పిల్ల, రాగం ఆపకుండానే.

పలచటి అచ్చు సంగతి ముందుగా బయటపెట్టింది కండక్టరు ప్రకాశం. వారం తిరక్కుండానే వచ్చి గదిలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈసారి పట్టలేదు మేడమ్."

"ఏం తెలుస్తోంది?"

"ఇంతకుముందయితే అలాంటి తలపు రాబోతుంటేనే కాళ్ళు వణికీవి. ఇప్పుడు కొంచెం గుండె దడదడలాడతంది, అంతే. దాన్ని దాటిపోవచ్చు అనిపిత్తంది. దాటిపోవచ్చు అనిపించడవే నాకు బయంగా ఉంది మేడమ్." అతను చేతులు జోడించాడు. "నన్ను లోపలెయ్యండి. మీకు పుణ్యం ఉంటుంది."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది ఆవిడ ముందు పశ్చాత్తాపం నటించారు. ఇతను నటించడం లేదని తెలుస్తూనే ఉంది. ఇందుమతి అప్పటికప్పుడు జైలు అధికారికి ఫోన్ చేసింది. ఆయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. "శిక్ష అయిపోయింది కదండీ. తప్పు చెయ్యకుండా ఎలా తీసుకోమంటారు? చట్టం ఒప్పుకోదు," అన్నాడు. మానసిక వైద్యశాలకి చేసింది. "పిచ్చి లేదు కదా మేడమ్," అన్నారు. కేంద్రంలోనే ఉంచుకుందామంటే రాత్రిళ్ళు మనుషుల్ని ఉంచడానికి అనుమతి లేదు. మాత్రలిచ్చి, అక్కగారింటికి వెళ్ళి గడప దాటకుండా ఉండమని చెప్పి పంపింది. అతను గేటు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి చూసి, వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. మంగ అనే ఆవిడ మున్సిపాలిటీలో వీధులూడుస్తుంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళుతుంటే దారికాచి పట్టుకున్నాడు ప్రకాశం. పని కానిచ్చి, తనే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడట.

ఇందుమతి ఆసుపత్రికి వెళ్ళింది. మంగ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన ఆవిడ మొగుడు సొట్టపోయిన టిఫిన్ క్యారేజీ పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు. వచ్చింది ఎవరో నర్సు చెప్పింది. మంగ తిరగలేదు. గోడతోనే మాట్లాడినట్టు అడిగింది:

"మందేసే ఒదిలేరంట కదమ్మా ఆణ్ణి?"

"వేశాం..." అంది ఇందుమతి. పలచటి మందు వేశామని చెప్పాలా? చిక్కటిది ఇవ్వాల్సిన పిల్ల కోలుకుని కూనిరాగం తీస్తోందని చెప్పాలా?

"మరేటి లాబం," అంది మంగ.

ఆ ఒక్క మాట ఇందుమతిని పీడించింది. అన్నం ముందు కూర్చుంటే అదే, కళ్ళు మూసుకుంటే అదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకపక్క రత్నం పెళ్ళి, ఇంకోపక్క ఊళ్ళో తిరుగుతున్న మిగతావాళ్ళు. వాళ్ళందరికీ పడింది ఆ పలచటి మందే. వాళ్ళందరిలోనూ దాటిపోవచ్చు అన్న తలపు ఇప్పుడిప్పుడే మొలకెత్తుతూ ఉంటుంది. ప్రకాశం కనీసం వచ్చి చెప్పాడు. అందరూ చెబుతారా?

మర్నాడు ఫిరోజ్‌ని పిలిచి తలుపేసింది.

"లోకనాథాన్ని తీసుకురమ్మని జైలుకి చెప్పాను. పరీక్ష ఉందని."

ఫిరోజ్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. లోకనాథం అంటే రత్నాన్ని పాడుచేసినవాడు. ఇంకా జైల్లోనే ఉన్నాడు, టోపీ వద్దన్నాడు, తప్పే చెయ్యలేదంటాడు. బాధితురాలినీ నేరస్థుణ్ణీ ఒక కప్పు కింద ఉంచకూడదన్నది ఆ కేంద్రంలో మొదటి నియమం. పెట్టింది ఇందుమతే.

"మేడమ్, పాముకాటుకి మందెలా తీస్తారో తెలుసు కదా. గుర్రానికి విషం ఎక్కిస్తారు, నెత్తురు తీస్తారు. అది కోలుకోగానే మళ్ళీ ఎక్కిస్తారు. ఇది ఆ పనే."

"తెలుసు."

"గుర్రాన్ని ఎవరూ అడగరు. ఈ అమ్మాయిని అడుగుదాం. మంగగారి సంగతి చెప్పి అడిగితే తనే ఒప్పుకుంటుందేమో."

"ముందే తెలిస్తే మనసు కాచుకుంటుంది ఫిరోజ్. భయం పలచబడుతుంది. మళ్ళీ సగం కూడా రాదు. మళ్ళీ ఇంకో మంగ. ఒక్కసారి. ఈ ఒక్క అచ్చుతో నాలుగు నెలలు గడుస్తాయి. ఈలోపు ఇంకో దారి వెతుకుదాం. రత్నానికి తర్వాత నేనే వైద్యం చేస్తాను. నిజమైన వైద్యం. పెళ్ళి నాటికి మామూలు మనిషిని చేస్తాను."

తన మాటలు తనకే పశ్చాత్తాపం అప్పజెప్పేవాళ్ళ మాటల్లా వినిపించాయి. అయినా ఆగలేదు.

రమ్మన్న రోజునే రత్నం వచ్చింది. కొత్త జాకెట్టు వేసుకుంది, తనే కుట్టుకున్నదట. కుర్చీలో కూర్చుంటూనే అడిగింది:

"ఆ ఊడ్సే ఆవిడ సంగతి ఇన్నాను మేడమ్. నాను సరిగ్గా ఇవ్వకపోబట్టేనా?"

కాదమ్మా అనాలి. మనిషి పుట్టుక పుట్టిన ఎవరైనా అనే మాట అది. ఇందుమతి అనలేదు. జిగురు పూస్తూ ఊరుకుంది. అనకుండా ఊరుకోవడం వల్ల పిల్ల ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుందని ఆవిడకి తెలుసు. అలా తెలిసి ఊరుకోవడం తర్వాత్తర్వాత అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఆవిడని.

రత్నం కళ్ళు మూసుకుంది. పిడికిళ్ళు బిగించింది. తెర మీద గీత లేవలేదు.

"రావట్నేదు మేడమ్. ఎంత తలుసుకున్నా ఆడి మొకమే రావట్నేదు." ఆ గొంతులో ఏడుపుంది, ఏడుపు వెనక ఆశ్చర్యంతో కూడిన సంతోషం ఉంది. "మరిసిపోతన్నానేటి మేడమ్?"

ఇందుమతి తలుపు వైపు చెయ్యి ఊపింది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు పోలీసుల మధ్య లోకనాథం గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, మనిషి చిక్కాడు. ఎందుకు తెచ్చారో వాడికీ తెలీదు. కుర్చీలో ఉన్న పిల్లని చూశాడు, గుర్తుపట్టాడు. చుట్టాలింట్లో పలకరించినట్టు, "ఏటే, బాగున్నావా?" అన్నాడు.

రత్నం అరవలేదు. ఎండ్రకాయని పట్టుకుంటే ముడుచుకున్నట్టు కాళ్ళూ చేతులూ దగ్గరికి ముడుచుకుంది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. తెర మీద గీత లేచింది. కొబ్బరిచెట్టంత కాదు, తెర చాలనంత లేచింది. ఇందుమతి ఆ గీతనే చూస్తోంది. అది కిందికి రాకుండా నిలబడుతుందా లేదా, అచ్చు పూర్తవుతుందా లేదా అనే చూస్తోంది. పిల్ల వైపు చూసింది ఫిరోజ్ ఒక్కడే.

"అయింది. తీసుకెళ్ళండి," అంది ఇందుమతి పోలీసులతో. తర్వాత తిరిగి, "రత్నం, అయిపోయిందమ్మా, వాడు వెళ్ళిపోయాడు" అంటూ చెయ్యి చాచింది.

రత్నం టోపీ తనే పీకేసుకుంది. చాచిన చెయ్యి తగలకుండా గోడ వారగా నడిచి, గది దాటి, వరండా దాటి, చెప్పులు వేసుకోకుండా ఎండలో పడి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత మందుల సంచీతో వాళ్ళింటికి వెళ్ళింది ఇందుమతి. సన్యాసమ్మ ఎదురొచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. ఏం జరిగిందో ఆ తల్లికి తెలీదు, పిల్ల చెప్పలేదు.

"జొరం కాలిపోతందమ్మా. కూడు ముట్టదు. అప్పలరాజొత్తే ఎల్లిపొమ్మన్నాది. పోలమ్మొచ్చి మళ్ళీ నీళ్ళు కొట్టింది, ఏటీ పని సెయ్యలేదు. ఈ జడుపు వేరు, నా వొల్ల కాదు అనీసింది. మీరే కాపాడాల తల్లీ."

"ఒకసారి చూడనివ్వండి," అంది ఇందుమతి.

ఆ మాట లోపలికి వినపడింది. లోపల గది తలుపు దభాలున మూసుకుంది, గడియ పడిన చప్పుడైంది. "ఇదుగో, ఇదే వరస," అని సన్యాసమ్మ ఏడ్చింది. పాపం, ఆ లోకనాథం మనసులోంచి పోవడం లేదు, ఏ అలికిడైనా వాడే అనుకుంటోంది అనుకుంది ఇందుమతి. మందులు అరుగు మీద పెట్టి, ఎప్పుడు ఏది వెయ్యాలో చెప్పి వచ్చేసింది. ఎన్నాళ్ళయినా సరే దీన్ని బాగుచేసి తీరాలని దారిపొడుగునా అనుకుంటూనే ఉంది.

టోపీ రోజు వచ్చింది. మగవాళ్ళందరికీ వరసగా కొత్త అచ్చు వేశారు. ప్రతి ఒక్కరికీ యంత్రం పచ్చదీపం వెలిగించింది. అచ్చు పూర్తిగా నాటుకుందని దానర్థం. ఇంత చిక్కగా ఎప్పుడూ నాటుకోలేదు. టోపీ తీశాక కాసేపు వరండాలో కూర్చుని టీ తాగి, ఒళ్ళు కుదుటపడ్డాక వెళ్ళడం అక్కడి పద్ధతి. అందరూ బయట కూర్చున్నారు. లోపల గదిలో కూర్చుని దీపాలే చూసుకున్న ఇందుమతికి చాలాకాలం తర్వాత గుండె కొంచెం తేలికపడింది. ఒక పిల్ల జ్వరానికి ఇంత ఫలితం దక్కిందని లెక్కకట్టుకుంది కూడా.

ఆఖర్ని ప్రకాశాన్ని పోలీసులు తీసుకొచ్చారు. రిమాండులో ఉన్నవాడు కాబట్టి అతనికి టోపీ ఒక్కటే చాలదు, పరీక్ష కూడా చేసి కోర్టుకి చెప్పాలి. టోపీ వేసి తీశారు. పచ్చదీపం. తర్వాత ఎదురుగా తెర మీద బొమ్మ వేశారు. నిర్మానుష్యమైన వీధి, ఒంటరిగా నడిచి వెళుతున్న ఆడమనిషి, అంతే. పాత అచ్చులప్పుడు ఆ బొమ్మ చూస్తూనే అతను కళ్ళు మూసుకునేవాడు.

ఇప్పుడు చూస్తూ కూర్చున్నాడు. ఫిరోజ్ తెర మీద గీత చదునుగా ఉంది.

"ఏమీ అనిపించట్లేదా ప్రకాశం?" పక్కగదిలోంచి వస్తూ అడిగింది ఇందుమతి.

ప్రకాశం తలెత్తి ఆవిణ్ణి చూశాడు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పాక్కుంటూ గోడదాకా వెళ్ళి కాళ్ళూ చేతులూ దగ్గరికి ముడుచుకున్నాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. గీత తెర చాలనంత లేచింది.

"ఏమైంది? ప్రకాశం, నేను డాక్టర్ని," అంటూ ఒక అడుగు ముందుకేసింది. అతను బేలగా చేతులు జోడించాడు. "నన్నొదిలెయ్యండి మేడమ్... మిమ్మల్ని నమ్మేను కదా మేడమ్..."

ఆ గొంతు ప్రకాశానిదే. ఆ మాట ఎవరిదో ఇందుమతికి తెలిసింది.

ఫిరోజ్ లేచి నిలబడ్డాడు. "ఆ రోజు ఆమె లోకనాథం వైపు ఒక్కసారే చూసింది మేడమ్. వాణ్ణి చూసి ఉలిక్కిపడింది, అంతే. వాణ్ణి లోపలికి రమ్మని ఎవరు చెయ్యి ఊపారో అప్పుడు చూసింది. గీత లేచింది అప్పుడే. మీ వైపే చూస్తూ ఉండిపోయింది. మీరు తెర చూస్తున్నారు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"భయం ఎటు తిరిగితే ఏంటి, భయమే కదా అనుకున్నాను."

పోలమ్మ చెప్పిన మాట అప్పుడు అర్థమైంది ఇందుమతికి. ఈ జడుపు వేరు. కల్తీ లేని జడుపే, కానీ ఆడదాన్ని పాడుచేసే మగవాడి మీద కాదు, తన మీద. రత్నం గడియ పెట్టుకున్నది తనకి భయపడి. ఇప్పుడు బయట కూర్చున్న వాళ్ళందరి తలల్లోనూ అదే ఉంది. ఆడవాళ్ళని చూసి బుద్ధి వంకరపోయినా వాళ్ళకిక ఏ భయమూ వెయ్యదు. పాత భయం వెలిసిపోయింది, కొత్తది ఇంకెటో తిరిగింది. వాళ్ళు కాసేపట్లో లేచి ఊళ్ళోకి వెళతారు.

ఇందుమతి వరండాలోకి పరుగెత్తింది. బెంచీల మీద వాళ్ళు టీ గ్లాసులతో కూర్చున్నారు. ఏదో కబుర్లాడుకుంటున్నారు కూడా.

"ఎవరూ వెళ్ళకండి! మళ్ళీ లోపలికి రండి, అందరూ!"

తలలు ఒక్కసారే తిరిగాయి. గ్లాసులు జారిపడ్డాయి. గుమస్తా ముందుగా లేచాడు, తర్వాత పాఠాలు చెప్పినాయన, తర్వాత అందరూ. బెంచీలు తోసుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటూ గేటు వైపు పరుగెత్తారు. వాచ్‌మాన్ అడ్డం పడితే తోసి పారేశారు. "ఆగండి, మీకు దణ్ణం పెడతాను ఆగండి" అని అరుస్తూ ఆవిడ వెంటపడింది. అరిచిన కొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా పరుగెత్తారు.

గేటు అవతల రోడ్డు. రోడ్డు మీద బస్టాపు, కాలేజీ వదిలే వేళ. వాళ్ళు ఆడపిల్లల గుంపు మధ్యలోంచి దూరి, తలా ఒక దిక్కుకి, తలా ఒక సందులోకి విడిపోయారు. ఏ ఆడపిల్లని చూసీ ఎవడి కాళ్ళూ వణకలేదు.

ఇందుమతి నడిరోడ్డు మీద ఆగిపోయింది. తను ఆగితే వాళ్ళూ ఆగుతారేమోనన్న ఆశ. ఎవరూ ఆగలేదు.